వాణిజ్య ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్: లైసెన్సులు, పునఃపంపిణీపై తరచుగా అడిగే ప్రశ్నలు

దుకాణాలకు బిల్లింగ్ ప్రోగ్రాములు, ఆసుపత్రులకు రికార్డుల వ్యవస్థలు, ప్రభుత్వ శాఖలకు వెబ్‌సైట్లు తయారుచేసి ఇచ్చే చిన్న సంస్థల నుంచి ఇవే సందేహాలు ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. అందువల్ల వాటిని పని జరిగే క్రమంలో, అడిగినవారి మాటల్లోనే ఇక్కడ కూర్చాను. ఏ జవాబును ఆ జవాబుగా విడిగా చదువుకోవచ్చు. ఇవి న్యాయవాది సలహాకు బదులు కావు. పెద్ద ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు ఆ లైసెన్సు పాఠాన్ని తెలిసిన న్యాయవాదికి తప్పక చూపించండి.

## ఎంచుకునే ముందు

ఓపెన్ సోర్స్ అంటే ఉచితమే కదా, మరి కొన్ని కంపెనీలు డబ్బు ఎందుకు అడుగుతున్నాయి?

ఉచితానికీ స్వేచ్ఛకూ తెలుగులో రెండు వేర్వేరు మాటలున్నాయి కనుక ఈ సంగతి మనకు తేలికగానే బోధపడాలి. ఓపెన్ సోర్స్ లైసెన్సు హామీ ఇచ్చేది స్వేచ్ఛకు: ప్రోగ్రామును నడపడానికి, సోర్స్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు కోడ్) చదవడానికి, మార్చడానికి, ఇతరులకు ఇవ్వడానికి. ధర ఎంత ఉండాలన్నది దాని విషయం కాదు. రెడ్ హ్యాట్ వంటి సంస్థలు నిర్వహణకు, భద్రతా సవరణలకు చందా తీసుకుంటాయి. కొన్ని సంస్థలు ప్రధాన భాగాన్ని తెరిచి ఉంచి, అదనపు సదుపాయాలను మాత్రం మూసిన (సోర్స్ ఇవ్వని) లైసెన్సుతో అమ్ముతాయి. మైఎస్‌క్యూఎల్ (డేటాబేసు), క్యూట్ (యాప్ తెరలు తయారుచేసే లైబ్రరీ), ఘోస్ట్‌స్క్రిప్ట్ (పీడీఎఫ్‌లను చూపే, ముద్రించే ప్రోగ్రాము) వంటివాటిలో ఒకే కోడ్‌కు రెండు లైసెన్సులు ఉంటాయి. ఓపెన్ సోర్స్ షరతులను పాటించలేనివారు రెండో లైసెన్సును డబ్బు పెట్టి కొనుక్కుంటారు.

జీపీఎల్ కింద ఉన్న ప్రోగ్రామును మేము అమ్ముకోవచ్చా?

అమ్ముకోవచ్చు. జీపీఎల్ (జనరల్ పబ్లిక్ లైసెన్స్) అంటే, కాపీ అందుకున్నవారికీ అవే స్వేచ్ఛలు అందాలని కోరే ఓపెన్ సోర్స్ లైసెన్సు. ప్రతి కాపీకి ఎంత ధరైనా పెట్టవచ్చని, అసలు తీసుకోకపోయినా సరేనని దాని మూడో వెర్షన్ జీపీఎల్ 3 స్పష్టంగా చెబుతుంది. అయితే మీ దగ్గర కొన్నవారు దాన్ని ఇంకొకరికి ఇవ్వకుండా, మార్చుకోకుండా మీరు అడ్డుపడకూడదు. ఒక్కో కంప్యూటరుకు ఇంత అని లెక్కగట్టి, కాపీ చేస్తే చర్య తీసుకుంటామని రాసే ఒప్పందం జీపీఎల్ ప్రోగ్రాముకు కుదరదు. ఇన్‌స్టాల్ చేయడానికి, శిక్షణకు, ఏడాది పొడవునా అండగా ఉండటానికి తీసుకునే రుసుముకు మాత్రం ఏ ఆటంకమూ లేదు.

మైఎస్‌క్యూఎల్ విషయంలో మాకు ఏ లైసెన్సు వర్తిస్తుంది? కొనాలా, అక్కర్లేదా?

స్వీడన్‌లో పుట్టిన మైఎస్‌క్యూఎల్ ఏబీ సంస్థను 2008లో సన్ మైక్రోసిస్టమ్స్, సన్‌ను 2010లో ఒరాకిల్ కొన్నాయి. ఇప్పుడు కమ్యూనిటీ ఎడిషన్ జీపీఎల్ 2 కింద, వాణిజ్య ఎడిషన్లు ఒరాకిల్ ఒప్పందం కింద దొరుకుతాయి. వ్యాపారం చేస్తున్నందుకే కొనాలన్న అపోహ చాలామందిలో ఉంది. జీపీఎల్ దృష్టిలో మీరు లాభం కోసం వాడుతున్నారా లేదా అన్నది లెక్కలోకే రాదు. కాపీని ఇంకొకరి చేతికి ఇస్తున్నారా అన్నదే లెక్క. మీ కార్యాలయపు సర్వర్‌లో కమ్యూనిటీ ఎడిషన్ నడుపుకుంటే మీ మీద సోర్స్ ఇచ్చే బాధ్యత ఏదీ పడదు.

మీ మూసిన బిల్లింగ్ ప్రోగ్రాముతోపాటు మైఎస్‌క్యూఎల్‌నూ ఒకే ఇన్‌స్టాలర్‌లో పెట్టి కస్టమర్లకు ఇస్తున్నప్పుడు జాగ్రత్త అవసరం. అప్పుడు మైఎస్‌క్యూఎల్ కాపీకి సంబంధించిన జీపీఎల్ షరతులన్నీ మీరు నెరవేర్చాలి. దాని జీపీఎల్ క్లయింట్ లైబ్రరీని (మీ ప్రోగ్రాము డేటాబేసుతో మాట్లాడటానికి వాడే సిద్ధ కోడ్) మీ ప్రోగ్రాములోనే లింక్ చేసి (కలిపి) ఇస్తే, మీ ప్రోగ్రాము కూడా జీపీఎల్ కిందకు రావాలన్న వాదనకు బలం చేకూరుతుంది. అందుకే చాలామంది ఎల్‌జీపీఎల్ (జీపీఎల్ కన్నా సడలింపు ఉన్న, లైబ్రరీల కోసం ఉద్దేశించిన లైసెన్సు) కింద ఉన్న, అదే పని చేసే మరియాడీబీ సీ కనెక్టరును వాడతారు. అదీ సరిపడకపోతే వాణిజ్య లైసెన్సు కొనడమే నిజాయితీ గల దారి.

సైటులో సోర్స్ కనిపిస్తోంది, కానీ "వ్యాపారానికి వాడరాదు" అని రాసి ఉంది. ఇది ఓపెన్ సోర్సేనా?

కాదు. 1998లో ఏర్పడిన ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ నిర్వచనం ప్రకారం ఏ రంగంలోని వాడుకపైనా, వ్యాపారంతో సహా, వివక్ష ఉండకూడదు. సోర్స్ చూడనిచ్చినంత మాత్రాన వాడుకునే హక్కు ఇచ్చినట్టు కాదు.

ఎంఐటీ, అపాచీ, ఎంపీఎల్, జీపీఎల్: అమ్మేవాళ్ళకు వీటిలో తేడా ఏమిటి?

ఎంఐటీ, బీఎస్‌డీ లైసెన్సులు ప్రధానంగా కోరేది కాపీరైటు ప్రకటననూ లైసెన్సు పాఠాన్నీ ప్రతి కాపీతోపాటు ఉంచమని. 2004 నాటి అపాచీ 2.0 ఇంకొంచెం అడుగుతుంది: మార్చిన ఫైళ్ళలో మార్చామని రాయాలి, నోటీసు ఫైలు ఉంటే దాన్ని వెంట పంపాలి. బదులుగా అది పేటెంటు హక్కు కూడా ఇస్తుంది. ఆ ప్రోగ్రాముపై మీరే పేటెంటు దావా వేస్తే ఆ హక్కు పోతుంది. ఎంపీఎల్ 2.0 ఫైలును యూనిట్‌గా చూస్తుంది. ఆ లైసెన్సు ఉన్న ఫైళ్ళను, వాటిలో మీరు చేసిన మార్పులతో సహా, కాపీ అందుకున్నవారికి సోర్స్‌గా అందుబాటులో ఉంచాలి. పక్కనున్న మీ సొంత ఫైళ్ళ జోలికి అది రాదు. జీపీఎల్ మాత్రం దానితో కలిసి ఒకే రచనగా తయారైన మొత్తానికీ వర్తిస్తుంది. అపాచీ 2.0 కోడ్‌ను జీపీఎల్ 3తో కలపవచ్చు గాని, జీపీఎల్ 2కు మాత్రమే కట్టుబడిన కోడ్‌తో కలపడం కుదరదని జీపీఎల్‌ను రాసిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ అభిప్రాయం.

## కోడ్ రాసేటప్పుడు, కలిపేటప్పుడు

మా ప్రోగ్రాములో ఎల్‌జీపీఎల్ లైబ్రరీ ఉంది. మా సోర్స్ కూడా ఇచ్చేయాలా?

అక్కర్లేదు, కానీ కస్టమరు ఆ లైబ్రరీని తనకు నచ్చిన మరో వెర్షన్‌తో మార్చుకోగలగాలి. విడి ఫైలుగా ఉంచి డైనమిక్ లింకింగ్ (ప్రోగ్రాము నడిచేటప్పుడే కలుపుకోవడం) చేస్తే ఇది తేలికగా తీరుతుంది. లైబ్రరీ సోర్స్‌ను, లైసెన్సు పాఠాన్ని అందుబాటులో ఉంచాలి. మీ కొనుగోలు ఒప్పందంలో "రివర్స్ ఇంజనీరింగ్ పూర్తిగా నిషేధం" (ప్రోగ్రామును విప్పి అది పనిచేసే తీరు తెలుసుకోకూడదు) అనే వాక్యం ఉంటే, ఆ లైబ్రరీని మార్చి పరీక్షించుకునే మేరకు సడలింపు రాయాలి. ఆ వాక్యాన్ని పాత ఒప్పందం నుంచి యథాతథంగా దించుకోవడం మన దగ్గర చాలా ఎక్కువ. క్యూట్ వాడేవారు మరో విషయం గమనించాలి: దాని మాడ్యూళ్ళన్నీ ఎల్‌జీపీఎల్ కింద లేవు, కొన్ని జీపీఎల్ కింద లేదా వాణిజ్య లైసెన్సు కింద మాత్రమే దొరుకుతాయి. కాబట్టి మాడ్యూలు వారీగా చూసుకోవాలి.

ఎన్ని లైన్ల వరకు కాపీ చేస్తే ఫర్వాలేదు?

అలాంటి లెక్క చట్టంలో లేదు. మన 1957 కాపీరైటు చట్టం కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్య రచనగానే పరిగణిస్తుంది. ఇన్ని లైన్లైతే మినహాయింపు అని ఎక్కడా చెప్పదు. తెచ్చిన ప్రతి తునకకూ అది ఎక్కడిదో, ఏ లైసెన్సు కిందిదో అక్కడే వ్యాఖ్యగా రాసి ఉంచండి.

బయటి డెవలపరుకు డబ్బిచ్చి రాయించాం. ఆ కోడ్ మాదే కదా? రేపు దాన్ని రెండు లైసెన్సుల కింద ఇవ్వగలమా?

డబ్బు ఇచ్చినంత మాత్రాన హక్కు మీది కాదు. ఈ ఒక్క పొరపాటు మంచి ఉత్పత్తులను కూడా అమ్మకానికి పనికిరాకుండా చేసింది కనుక దీన్ని కొంచెం వివరంగా చెబుతాను.

కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగి తన ఉద్యోగ విధుల్లో భాగంగా రాసిన కోడ్‌కు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి యజమాని ఆ సంస్థే. బయటి నుంచి పని చేసిపెట్టే ఫ్రీలాన్సరు ఉద్యోగి కాడు. అతడు రాసినదానికి మొదటి యజమాని సాధారణంగా అతడే. హక్కు మీకు రావాలంటే 19వ సెక్షన్ కోరినట్టు అతడి సంతకంతో రాతపూర్వకమైన బదిలీ పత్రం ఉండాలి. ఆ పత్రంలో కాలపరిమితి రాయకపోతే బదిలీ ఐదేళ్ళకే జరిగినట్టు, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే పరిమితమైనట్టు చట్టం భావిస్తుంది. అమెరికాలో కస్టమరు దొరికిన రోజున ఈ రెండు ఖాళీలే అడ్డుగా నిలుస్తాయి. కాబట్టి "కాపీరైటు ఉన్నంత కాలం, ప్రపంచమంతటా" అని స్పష్టంగా రాయించుకోండి. ఇచ్చిన హక్కును ఏడాదిలోగా వినియోగించకపోతే బదిలీ రద్దవుతుందన్న నియమాన్ని కూడా, అది వర్తించదని అందులోనే రాసి తప్పించుకోవచ్చు.

రెండు లైసెన్సుల వ్యాపారం మొత్తం హక్కులన్నీ ఒకరి చేతిలో ఉండటం మీదే నిలబడుతుంది. మీ జీపీఎల్ ప్రాజెక్టుకు బయటివారు పంపిన సవరణలను ముందస్తు అంగీకారపత్రం లేకుండా కలుపుకుంటే, ఆ భాగాన్ని వాణిజ్య లైసెన్సు కింద అమ్మే హక్కు మీకు ఉండదు. అలాంటి పత్రం అడిగేటప్పుడు ఎందుకు అడుగుతున్నారో దాచకుండా చెప్పండి. తన శ్రమను మీరు అమ్ముకోబోతున్నారని తెలుసుకునే హక్కు ఆ సవరణ పంపిన మనిషికి ఉంది.

తెలుగు ఫాంటును మా యాప్‌లో కలిపి అమ్మవచ్చా?

రామభద్ర, మండలి, గిడుగు వంటి తెలుగు ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి. వాటిని సాఫ్ట్‌వేరుతో కలిపి అమ్మవచ్చు. ఫాంటును మాత్రమే విడిగా అమ్మకూడదు. కాపీరైటు ప్రకటన, లైసెన్సు పాఠం వెంట ఉండాలి. అక్షరాల ఆకారం సవరిస్తే సవరించిన ఫాంటు కూడా అదే లైసెన్సు కింద ఉండాలి. అసలు పేరును రచయిత రిజర్వు చేసి ఉంటే కొత్త పేరు పెట్టాలి. ఆ ఫాంటుతో అచ్చువేసిన పుస్తకానికో బిల్లుకో ఈ షరతులేవీ అంటవు.

## కస్టమరు చేతికి ఇచ్చేటప్పుడు

పంపిణీ అంటే సరిగ్గా ఏమిటి? మా ఇంకో బ్రాంచికి పంపినా పంపిణీయేనా?

ఒక కాపీ మీ సంస్థను దాటి మరో వ్యక్తికో సంస్థకో చేరడమే పంపిణీ. పెన్‌డ్రైవులో ఇచ్చిన ఇన్‌స్టాలరు, ఫోనులోకి దిగే యాప్, రౌటరులోని ఫర్మ్‌వేరు, కస్టమరుకు పంపిన కంటైనర్ ఇమేజ్ (ప్రోగ్రామును దానికి కావలసినవన్నీ కలిపి కట్టిన ప్యాకేజీ), బ్రౌజరులోకి వెళ్ళే జావాస్క్రిప్ట్ అన్నీ ఇందులోకే వస్తాయి. విజయవాడ కార్యాలయం నుంచి హైదరాబాదు కార్యాలయానికి పంపడం, రెండూ ఒకే సంస్థవైతే, పంపిణీ కాదు. వేరుగా నమోదైన అనుబంధ కంపెనీకి ఇస్తే మాత్రం దాన్ని పంపిణీగానే భావించి సిద్ధపడటం మంచిది.

సోర్స్ అందరికీ కనబడేలా ఇంటర్నెట్‌లో పెట్టాలా?

జీపీఎల్ అలా కోరదు. బైనరీ (కంపైల్ చేసి, నడపడానికి సిద్ధంగా ఉన్న రూపం) అందుకున్నవారికి సోర్స్ అందాలి, అంతే. ఇవ్వడానికి దారులు కొన్ని ఉన్నాయి. ఉత్పత్తితోపాటే సోర్స్‌నూ ఇచ్చేస్తే బాధ్యత ఆ రోజుతోనే తీరిపోతుంది. అలా కాక "అడిగితే ఇస్తాం" అని రాసి ఇస్తే, జీపీఎల్ 2 ప్రకారం ఆ హామీ కనీసం మూడేళ్ళు నిలవాలి, పంపడానికి అయ్యే ఖర్చుకు మించి తీసుకోకూడదు, మీ కస్టమరు కాని మూడో వ్యక్తి అడిగినా ఇవ్వాలి. జీపీఎల్ 3లో ఈ హామీ, మూడేళ్ళు దాటినా, ఆ మోడలుకు విడిభాగాలో సహాయమో అందిస్తున్నంత కాలం కొనసాగాలి. బైనరీ డౌన్‌లోడ్ చేసుకునే చోటే సోర్స్ కూడా డౌన్‌లోడ్‌కు పెట్టడం ఇంటర్నెట్ ద్వారా ఇచ్చేవారికి సులువైన దారి.

అసలు ప్రాజెక్టు సైటు లింకు ఇస్తే సరిపోదా? మేము మార్చింది రెండు ఫైళ్ళే.

సరిపోదు. కస్టమరు చేతిలో ఉన్న బైనరీ ఏ సోర్స్ నుంచి తయారైందో సరిగ్గా ఆ సోర్స్ మొత్తం ఇవ్వాలి. మార్చిన ఫైళ్ళు మాత్రమే కాదు, కంపైల్ చేసి ఇన్‌స్టాల్ చేయడానికి వాడిన స్క్రిప్టులు కూడా అందులో భాగమే. అసలు ప్రాజెక్టు రేపు ఆ వెర్షన్‌ను తీసేయవచ్చు. తీసేస్తే దొరకని సోర్స్‌కు జవాబుదారీ మీరే.

నేను పనిచేసిన ఒక బృందంలో ఇది స్వయంగా చూశాను. ఉత్పత్తి అమ్మిన రెండేళ్ళకు ఒక కస్టమరు మర్యాదగా ఉత్తరం రాసి సోర్స్ అడిగారు. దాన్ని తయారుచేసిన ఇంజనీరు వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయాడు, అతడి ల్యాప్‌టాప్‌ను ఫార్మాట్ చేసి ఇంకొకరికి ఇచ్చేశారు, ఏ కంపైలర్ వెర్షన్ వాడారో ఎవరికీ గుర్తులేదు. అడిగింది న్యాయమైన హక్కు, ఇవ్వాలన్న మనసూ మాకుంది, ఇవ్వడానికి చేతిలో ఏమీ లేదు. ఊహ మీద మళ్ళీ కట్టుకుంటూ వెళ్ళి, పాత బైనరీతో పోల్చి చూసుకోవడానికి వారాలు పట్టింది. అప్పటి నుంచి నేను పట్టుబట్టే నియమం ఒకటే: విడుదల జరిగిన రోజునే ఆ బైనరీని, సోర్స్‌ను, స్క్రిప్టులను, లైసెన్సు పాఠాలను ఒకే ఫోల్డరులో పెట్టి, తేదీ వేసి, వ్యక్తుల ల్యాప్‌టాపుల్లో కాక సంస్థ భద్రపరచే చోట ఉంచాలి. ఆ ఫోల్డరును కొత్త మనిషితో ఒకసారి కంపైల్ చేయించి చూడాలి.

రౌటర్లు, కెమెరాలు తెప్పించి మా బ్రాండు వేసి అమ్ముతాం. లోపలి లినక్స్ సంగతి తయారీదారు చూసుకోడా?

అమ్మేది మీరు కనుక కస్టమరు దృష్టిలోనూ లైసెన్సు దృష్టిలోనూ పంపిణీదారు మీరే. లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం), బిజీబాక్స్ (చిన్న పరికరాల్లో వాడే కమాండ్ల సముదాయం) రెండూ జీపీఎల్ 2 కింద ఉన్నాయి. జర్మనీలోని మ్యూనిక్ కోర్టు 2004లో సైట్‌కామ్ అనే సంస్థ రౌటరు విషయంలో నెట్‌ఫిల్టర్ (లినక్స్‌లోని ఫైర్‌వాల్ భాగం) డెవలపరు హరాల్డ్ వెల్టేకు అనుకూలంగా, జీపీఎల్ షరతులు పాటించకుండా పంపిణీ చేయరాదని ఉత్తర్వు ఇచ్చింది. బిజీబాక్స్ రచయితలు 2007 నుంచి అమెరికాలో వరుసగా దావాలు వేశారు. తయారీదారు నుంచి పూర్తి సోర్స్ చేతికి వచ్చాకే చివరి చెల్లింపు చేస్తామని కొనుగోలు ఒప్పందంలోనే రాయండి. సరుకు ఓడ ఎక్కాక అడిగితే స్పందన రావడం కష్టం. పరికరంలో జీపీఎల్ 3 భాగాలు కూడా ఉంటే, ఇంట్లో వాడే పరికరాల విషయంలో, మార్చిన సాఫ్ట్‌వేరును తిరిగి ఎక్కించుకోవడానికి కావలసిన సమాచారం, అవసరమైతే డిజిటల్ సంతకపు కీలతో సహా, ఇవ్వవలసి ఉంటుంది.

కోడ్ మాకు వచ్చింది కదా, పేరు, లోగో కూడా వాడుకోవచ్చా?

కోడ్ హక్కు వేరు, వ్యాపారచిహ్నం హక్కు వేరు. రెడ్ హ్యాట్ సోర్స్ నుంచి 2004లో పుట్టిన ఆపరేటింగ్ సిస్టమ్ సెంట్‌ఓఎస్ ఆ పేరునూ గుర్తులనూ తొలగించే విడుదలైంది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు పేరు నిబంధనల వల్ల డెబియన్ అనే లినక్స్ వ్యవస్థ దాన్ని 2006 నుంచి పదేళ్ళపాటు ఐస్‌వీజిల్ అనే పేరుతో ఇచ్చింది. "ఫలానాదానితో పనిచేస్తుంది" అని నిజం చెప్పడానికి సాధారణంగా అభ్యంతరం ఉండదు. మీ ఉత్పత్తి వారిదే అనిపించేలా పేరు పెట్టడమే తప్పు.

లైసెన్సును తెలుగులోకి అనువదించి పెట్టవచ్చా?

కస్టమరుకు అర్థమయ్యేలా తెలుగు వివరణ ఇవ్వడం మెచ్చుకోదగ్గ పని. అయితే జీపీఎల్ అనువాదాలకు చట్టపరమైన విలువ లేదని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ చెబుతుంది కనుక ఆంగ్ల మూలపాఠాన్ని తప్పక పక్కన ఉంచాలి.

## సర్వర్ మీద నడిపేటప్పుడు, లైసెన్సు మారినప్పుడు

మేము బైనరీ ఎవరికీ ఇవ్వం, వెబ్‌లో సేవ మాత్రమే ఇస్తాం. అయినా సోర్స్ ఇవ్వాలా?

మామూలు జీపీఎల్ అయితే ఇవ్వక్కర్లేదు. ఏజీపీఎల్ 3 (నెట్‌వర్కు మీద నడిచే ప్రోగ్రాముల కోసం ఉన్న జీపీఎల్ రూపం) అయితే, మీరు ఆ ప్రోగ్రామును మార్చి ఉంటే, నెట్‌వర్కు ద్వారా దాన్ని వాడేవారందరికీ మార్చిన సోర్స్ పొందే అవకాశం ఇవ్వాలి. మార్చకుండా యథాతథంగా నడిపితే ఆ నిబంధన వర్తించదు.

డేటాబేసు కంపెనీ లైసెన్సు మార్చేసింది. మేము వాడుతున్న పాత వెర్షన్ కూడా చెల్లకుండా పోతుందా?

పోదు. ఒకసారి ఓపెన్ సోర్స్ కింద ఇచ్చిన వెర్షన్‌ను, షరతులు పాటిస్తున్నంత కాలం, మీరు వాడుకోవచ్చు, పంచవచ్చు. మార్పు కొత్త వెర్షన్లకే వర్తిస్తుంది. మోంగోడీబీ 2018 అక్టోబరులో ఏజీపీఎల్ నుంచి ఎస్‌ఎస్‌పీఎల్ అనే లైసెన్సుకు (దీని సంగతి తరవాతి ప్రశ్నలో ఉంది) మారింది. 2021లో వెతుకులాట సాఫ్ట్‌వేరు ఎలాస్టిక్‌సెర్చ్, 2023 ఆగస్టులో సర్వర్లను ఏర్పాటుచేసే టెర్రాఫార్మ్, 2024 మార్చిలో డేటాబేసు రెడిస్ ఇలాగే తమ లైసెన్సులు మార్చుకున్నాయి. ఆ పాత వెర్షన్ల నుంచే వరుసగా ఓపెన్‌సెర్చ్, ఓపెన్‌టోఫు, వాల్కీ పుట్టాయి. తరవాత ఎలాస్టిక్ 2024లో, రెడిస్ 2025లో ఏజీపీఎల్‌ను కూడా ఒక ఎంపికగా చేర్చాయి.

పాత వెర్షన్‌కు భద్రతా సవరణలు ఎంతకాలం వస్తాయన్నదే అసలైన చిక్కు. హక్కు ఉంది కదా అని సవరణలు ఆగిపోయిన డేటాబేసు మీద ఆసుపత్రి రికార్డులు నడపడం నేను ఎవరికీ సూచించను.

ఎస్‌ఎస్‌పీఎల్ ఉన్న డేటాబేసును మా యాప్ వెనుక వాడుకోకూడదా?

వాడుకోవచ్చు. ఆ డేటాబేసు సదుపాయాన్నే సేవగా ఇతరులకు అందించినప్పుడు మాత్రం, దాన్ని నడిపే నిర్వహణ సాఫ్ట్‌వేరు మొత్తాన్ని బయటపెట్టమని అది కోరుతుంది. దీన్ని ఓపెన్ సోర్స్ లైసెన్సుగా ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ గుర్తించలేదు. టెర్రాఫార్మ్ ఎంచుకున్న బిజినెస్ సోర్స్ లైసెన్సు మరో రకం: విడుదలైన నాలుగేళ్ళలోపు ఆ వెర్షన్ ఓపెన్ సోర్స్ లైసెన్సులోకి మారాలి. అప్పటిదాకా హక్కుదారు పెట్టిన పరిమితులు ఉంటాయి.

## అభ్యంతరం వచ్చినప్పుడు, టెండరు వేసేటప్పుడు

ఉల్లంఘించామని ఉత్తరం వచ్చింది. ఏం చేయాలి?

మౌనంగా ఉండకండి. ఉత్తరం అందిందని, పరిశీలిస్తున్నామని వెంటనే రాయండి. ఆ ఉత్పత్తి పంపిణీని ఆపి, ఏ వెర్షన్ ఎవరికి వెళ్ళిందో తేల్చుకుని, సోర్స్ సిద్ధం చేయండి. జీపీఎల్ 2లో ఉల్లంఘనతోనే హక్కులు వాటంతటవే రద్దవుతాయి. జీపీఎల్ 3లో, మొదటిసారి జరిగిన తప్పును నోటీసు అందిన 30 రోజుల్లో సరిదిద్దుకుంటే హక్కులు శాశ్వతంగా తిరిగి వస్తాయి. ఈ సహనాన్ని తమ జీపీఎల్ 2 కోడ్‌కు కూడా వర్తింపజేస్తామని 2017 నవంబరులో రెడ్ హ్యాట్, ఐబీఎం, గూగుల్, ఫేస్‌బుక్ ప్రకటించాయి. చాలామంది హక్కుదారులు కోరేది డబ్బు కన్నా ముందు సోర్స్‌నే.

మన చట్టంలో తీవ్రత తక్కువేమీ కాదు. తెలిసి చేసిన ఉల్లంఘనకు 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ళ వరకు జైలు, 50,000 నుంచి 2,00,000 రూపాయల వరకు జరిమానా ఉన్నాయి.

ప్రభుత్వ టెండరులో "సాఫ్ట్‌వేరు హక్కులన్నీ శాఖకే చెందాలి" అని ఉంది. లోపల ఓపెన్ సోర్స్ ఉంది. సంతకం పెట్టవచ్చా?

ఆ వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టుగా ఒప్పుకోకూడదు, ఎందుకంటే మీది కాని హక్కును మీరు రాసివ్వలేరు. కేంద్ర ప్రభుత్వం 2015లో తెచ్చిన విధానం ఓపెన్ సోర్స్‌కే ప్రాధాన్యం ఇమ్మంటుంది కనుక, ఈ ప్రశ్న లేవనెత్తడానికి జంకనవసరం లేదు. టెండరుకు ముందు జరిగే సమావేశంలోనే రాతపూర్వకంగా అడిగి, మూడు విభాగాలుగా విడదీయించండి: ఈ పని కోసం కొత్తగా రాసిన కోడ్ హక్కులు శాఖకు, మీ పాత సొంత కోడ్‌కు వాడుక హక్కు మాత్రమే, ఓపెన్ సోర్స్ భాగాలు వాటి వాటి లైసెన్సుల కింద. మూడో విభాగానికి పేరు, వెర్షన్, లైసెన్సు చూపే పట్టికను జతచేయండి. శాఖ చేతికి కాపీ వెళ్తుంది కాబట్టి జీపీఎల్ భాగాల సోర్స్ పొందే హక్కు శాఖకు ఉంటుంది. దాన్ని అప్పగింత రోజునే ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.